ఆటోమేటిక్ కారులో తటపటాయింపు, ఆటుపోటు : కారణాన్వేషణ విధానము

ఈ సంచికకు వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గము కోరినప్పుడు, నేను ప్రబంధములను గూర్చియో పదకవిత్వమును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. తెలుగు ఉపన్యాసకుడు మోటారు యంత్రమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గత సంవత్సరము మా కుటుంబములో జరిగిన యొక వ్యవహారము నన్నీ విషయములోనికి లాగినది. అందు నేను నేర్చిన యంత్రజ్ఞానము కొంత. తర్కజ్ఞానము అంతకంటె ఎక్కువ. మన విద్యార్థులలో పలువురు డిగ్రీ ముగించి గల్ఫ్ దేశములకు డ్రైవర్లుగాను, మెకానిక్కులుగాను పోవుచున్నారు గనుక ఈ ముచ్చట వారికి అక్కరకు వచ్చునని తలచుచున్నాను.

ముందుగా మాటల అర్థము నిర్ణయించుకొందము. ఆక్సిలరేటరును త్రొక్కిన పిదప కారు వెంటనే సాగక, ఒక క్షణము ఊపిరి బిగబట్టినట్లు నిలిచి, ఆ తరువాత కదలుట తటపటాయింపు. షెడ్లలో దీనినే ‘పికప్ లేదు’ అందురు, ‘జర్క్ ఇస్తోంది’ అందురు. పాదము కదల్చకున్నను ఇంజను వేగము తనంత తాను పెరుగుచు తరుగుచు నుండుట ఆటుపోటు. ఈ రెండును వ్యాధులు కావు. జ్వరము వంటి లక్షణములు. జ్వరమునకు నూరు కారణములుండును. ఉర్దూ విభాగమునందలి మిత్రులు రోగనిర్ణయమును ‘తష్‌ఖీస్’ అందురు, చికిత్సను ‘ఇలాజ్’ అందురు. మన షెడ్లలో పలుమారు ఇలాజ్ ముందును, తష్‌ఖీస్ వెనుకను నడచుచుండుట మనకెల్లరకు అనుభవమే.

మా పెదనాన్నగారి పెద్ద కుమారుడు కువైట్‌లో 17 సంవత్సరములు డ్రైవరు పని చేసి తిరిగివచ్చెను. ఎడమ మోకాలికి శస్త్రచికిత్స జరిగినందున క్లచ్ త్రొక్కుట అతనికి సాధ్యము కాదు. కనుక 2014లో తయారైన ఆటోమేటిక్ పెట్రోలు కారును పాతది కొని, టాక్సీగా అనుమతి పొంది, రాయచోటి నుండి కడపకు డయాలిసిస్ రోగులను తీసికొని పోవుచుండెను. దారి సుమారు 50 కిలోమీటర్లు. నడుమ గువ్వలచెరువు ఘాటు కలదు. ఒకనాడు ఆ ఘాటులో, వెనుక సీటులో రోగి యుండగా, లారీని దాటుటకు అతడు ఆక్సిలరేటరు త్రొక్కెను. కారు లేవలేదు. ఎదుటి నుండి బస్సు వచ్చుచుండెను. రెండు క్షణములు ఏమియు జరుగక, పిమ్మట ఒక్క కుదుపుతో కారు ముందుకు దూకెను. లారీ డ్రైవరు ప్రక్కకు తొలగినందున ప్రమాదము తప్పినది. ఆ రాత్రి అతడు నాతో, “తమ్ముడూ, నాకేమన్నా అయితే పోనీ. వెనకాల ఆ ముసలాయన ఉన్నాడు కదా” అని మాత్రమే అనెను.

మరునాడు కారును పట్టణములోని యొక షెడ్డుకు తీసికొని పోయితిమి. ఆ షెడ్డువారు కారు నడిపి చూచి, న్యూట్రల్‌లో ఇంజను చక్కగా లేచుచున్నది, రివర్సులోను దోషము లేదు, డి గేరులో మాత్రమే తెగులు గలదు, కావున గేర్‌బాక్స్ పోయినదని తీర్పు చెప్పిరి. అంచనా 85 వేల రూపాయలు. కారు విలువలో అది మూడవ వంతునకు మించిన మొత్తము. వారు మోసగాండ్రని నేననను. వారి వాదములో ఒక క్రమము కలదు. వినువారిని నమ్మించు బలము కలదు. నేనును నమ్మితిని. దోషమెచ్చట నున్నదో తెలిసికొనుటకు ముందు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పనిచేయు తీరు కొంత తెలియవలెను.

సామాన్యమైన కారులో ఇంజనునకును గేర్‌బాక్సునకును నడుమ క్లచ్ పలక యుండును. ఆటోమేటిక్ కారులో ఆ స్థానమున టార్క్ కన్వర్టర్ అను నూనె నిండిన గుండ్రని పాత్ర యుండును. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా నుంచి, ఒకదానికి మాత్రమే కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. ఇచ్చట గాలికి బదులు నూనె. ఇంజనుచే తిరుగు రెక్కల చక్రము నూనెను విసరును. ఎదుటి చక్రము ఆ త్రోపునకు తిరిగి గేర్‌బాక్సును త్రిప్పును. నడుమనున్న మూడవ చక్రము తిరిగివచ్చు నూనెను అనుకూల దిశకు మరల్చి, బయలుదేరు వేళ ఇంజను బలమును ఇంచుమించు రెట్టింపు చేయును. ఈ ద్రవచోదన సూత్రమునకు 1905లో పేటెంటు పొందినవాడు జర్మను ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్. ఓడల కొరకు కనిపెట్టెను. 1940 మాదిరి ఓల్డ్స్‌మొబీల్ కార్లతో పూర్తి ఆటోమేటిక్ గేర్లు అమెరికా బజారులోనికి వచ్చెను. నూనె ద్వారా బలము ప్రసరించునప్పుడు కొంత వ్యర్థమగును గనుక, నిలుకడ వేగమున రెండు చక్రములను బిగించి కలుపు లాకప్ క్లచ్‌ను 1949లో పకార్డ్ కంపెనీ తన గేర్‌బాక్సులో చేర్చినది. ఈ లాకప్ మాట పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దానితో మరల పని యున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మన దేశమున 2014లో మారుతి సెలెరియోతో వ్యాప్తిలోనికి వచ్చిన ఏ.ఎం.టి. కార్లు ఈ జాతికి చెందినవి కావు. అందు సామాన్య క్లచ్, సామాన్య గేర్లే యుండును. చేతికి, కాలికి బదులు మోటార్లు ఆ పని చేయును. గేరు మారునప్పుడు ఒక లిప్తకాలము త్రోపు ఆగుట వాటి స్వభావము. ఆ తల యూపును తటపటాయింపు రోగమని తలచి డబ్బు పోగొట్టుకొన్నవారిని నేనెరుగుదును. స్వభావమేదో, వికారమేదో తెలియనివాడు చికిత్సకు పూనుకొనరాదు.

ఇక పరీక్షలు. అన్నింటికంటె సులభమైనది, పైసా ఖర్చు లేనిది, షెడ్డువారు చేయనిది ఒకటి కలదు. ఎదుటి పలక మీద రెండు ముళ్లు గలవు: ఒకటి ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో చెప్పును; రెండవది కారు వేగము చెప్పును. తటపటాయించు క్షణమున ఆ రెండింటిని కలిపి చూడవలెను. ఇంజను ముల్లు వెంటనే పైకి ఎగబ్రాకి, వేగపు ముల్లు కదలకున్నచో, ఇంజను బలమిచ్చుచున్నది, గేర్‌బాక్సు దానిని చక్రములకు చేర్చుట లేదు. గేర్‌బాక్సు లోపలి క్లచ్‌లు జారుచుండవచ్చును, నూనె తగ్గియుండవచ్చును, నూనె పీడనము చాలకుండవచ్చును. అట్లుగాక ఇంజను ముల్లే లేవకున్నను, పైపెచ్చు క్రుంగినను, దోషము ఇంజనులో నున్నది. కన్వర్టర్ గల కారులో ముల్లు కొంత ముందుగా లేచుటయు, గట్టిగా త్రొక్కినప్పుడు క్రింది గేరుకు దిగుటకు ఇంచుమించు ఒక సెకను పట్టుటయు సహజమే. దానిని మినహాయించి చూడవలెను. నడుపువాడు రోడ్డును చూడవలెను గాని ముళ్లను కాదు. ప్రక్కన మరియొకరు కూర్చుండి చూచి వ్రాసికొనవలెను.

ఆ వ్రాసికొను పని నేను చేసితిని. ఎత్తు మీద మెల్లగా త్రొక్కినప్పుడు ఇంజను ముల్లు 1,800 నుండి 1,500కు క్రుంగినది. ఇది ఇంజను దోషమని సాక్ష్యము. కాని న్యూట్రల్‌లో, రివర్సులో ఇంజను నిర్దోషిగా కనబడుచున్నదే! సాక్షులిద్దరు పరస్పర విరుద్ధముగా మాటలాడుచున్నారు.

ఇట్టి చిక్కునకు మన తర్కశాస్త్రములో ఒక పేరు గలదు. ఆంధ్రుడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారికి ‘ఉపాధి’ అను మాట తెలియును. పొగ యున్నచోట అగ్ని యుండును, నిజమే; కాని అగ్ని యున్నచోటనెల్ల పొగ యుండునా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో అగ్ని గలదు, పొగ లేదు. పచ్చికట్టెల కలయిక యను మూడవ సంగతి యున్నప్పుడే అగ్ని పొగను పుట్టించును. ఆ దాగియున్న మూడవ సంగతియే ఉపాధి. డి గేరు వేసినప్పుడు తెగులు కనబడుచున్నది, గేరు తీసినప్పుడు పోవుచున్నది. కావున గేర్‌బాక్సే కారణమను షెడ్డువారి వాదమును ఈ దృష్టితో చూచినచో ప్రశ్న మారిపోవును. డి గేరుతోబాటు మారుచున్న మూడవ సంగతి ఏది?

దానిని పట్టుకొన్నవాడు నేను కాను. మన కళాశాలలో కొంతకాలము చదివి, పిదప ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ విద్య నేర్చి, కడపలో చిన్న షెడ్డు పెట్టుకొనిన యువకుడు. అతని యొద్ద స్కానర్ కలదు. అమెరికాలో 1996 మాదిరి కార్ల నుండి, మన దేశమున 2013 ఏప్రిల్ నుండి, కార్లలో ఇంజను కంప్యూటరు తన పరిశీలనలను ఒక నియతమైన పద్ధతిలో బయటికి చెప్పుట విధియైనది. స్కానరును తగిలించి అతడు మొదట అడిగినది, ‘చెక్ ఇంజన్’ దీపము వెలిగినదా, అప్పటి కోడు ఏది అని. దీపము ఒకసారి వెలిగినది. మొదటి షెడ్డువారు కోడును వ్రాసికొనక చెరిపివేసిరి. దానితోబాటు తెగులు పుట్టిన క్షణమున ఇంజను వేగము, ఉష్ణము, భారము ఎంతెంత యుండెనో తెలుపు చిట్టాయు చెరిగిపోయెను. చెరుపుటకు ముందు వ్రాసికొనుట, వీలైనచో ఫోనుతో ఫోటో తీసికొనుట విద్యార్థులు అలవరచుకొనవలెను.

ఇచ్చట గాలి, పెట్రోలు నిష్పత్తిని గూర్చి కొంత చెప్పక తప్పదు. శుద్ధమైన పెట్రోలు 1 గ్రాము పూర్తిగా దహించుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. లోనికి వచ్చు గాలిని ఒక సెన్సారు కొలుచును. దానికి తగినంత పెట్రోలును కంప్యూటరు చిమ్మించును. కాలిన వాయువులో ఆక్సిజన్ ఎంత మిగిలినదో పొగగొట్టములోని మరియొక సెన్సారు చెప్పును. అది 0.1 వోల్టు దాపున నిలిచినచో మిశ్రమము పలుచన, అనగా గాలి ఎక్కువ, 0.9 దాపున నిలిచినచో చిక్కన. దానిని విని కంప్యూటరు పెట్రోలును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఈ దిద్దుబాటునకు ఫ్యూయల్ ట్రిమ్ అని పేరు, శాతములలో చూపబడును. ప్లస్ 10 దాటినచో ఎచ్చటనో గాలి దొంగతనముగా చొరబడుచున్నదని గాని, పెట్రోలు చాలుట లేదని గాని అనుమానింపవలెను. పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతమునకు పెరిగిన పిదప పాత కార్లలో ఈ అంకె సహజముగనే కొంత ప్లస్ వైపు జరుగును. ఇథనాల్‌లో స్వతహాగా ఆక్సిజన్ ఉండుటయే కారణము.

ట్రిమ్ అంకె కంటె అది మారు తీరు ముఖ్యము. కొలత సెన్సారు దాటిన పిదప ఎచ్చటనో చీలిక యుండి గాలి దూరుచున్నదనుకొందము. ఐడిల్‌లో ఇంజను పీల్చు గాలియే స్వల్పము. అందు దొంగగాలి వాటా పెద్దది. కనుక ప్లస్ అంకె ఐడిల్‌లో ఎక్కువగా నుండి, 2,500 చుట్ల యొద్ద తగ్గిపోవును. పెట్రోలు పంపు బలహీనమైనను, ఫిల్టరు మూసికొనినను దీనికి తారుమారు: ఐడిల్‌లో కావలసినది కొంచెమే గనుక చాలును, ఎత్తు ఎక్కునప్పుడు, వేగముగా పోవునప్పుడు చాలదు, ప్లస్ అంకె అచ్చట పెరుగును. ఒకే లక్షణము, రెండు కారణములు. అంకె పెరిగిన చోటును బట్టి వేరుచేయవచ్చును. ఐడిల్‌లోని ఆటుపోటునకు కూడ ఈ దొంగగాలి తరచు మూలము. అదనపు గాలికి ఇంజను వేగము లేచును, పాదము తీసియున్నను వేగము హెచ్చుగా నున్నదని కంప్యూటరు పెట్రోలును ఆపివేయును, వేగము పడిపోవును, మరల పెట్రోలు వదలును. ఊయల ఊగినట్లు ముల్లు ఊగుచుండును.

మా అన్న కారులో ఐడిల్ నందు ట్రిమ్ ప్లస్ 3. దోషము లేదు. మెల్లగా ఎత్తు ఎక్కించినప్పుడు ప్లస్ 25కు ఎగిరినది. ఆక్సిజన్ సెన్సారు 0.1 యొద్ద అంటుకొనిపోయినది. పై సూత్రము ప్రకారము పెట్రోలు పంపును అనుమానింపవలెను. ఆ యువకుడు పంపు పీడనము కొలిచెను, సరిగా నున్నది. అప్పుడతడు కారును రివర్సులో అదే ఎత్తు మీదికి ఎక్కించెను. ప్లస్ 2. అతడు నవ్వి, “సార్, పెట్రోలు పంపుకు ముందూ వెనకా తెలియదు కదా” అనెను.

ముందుకును వెనుకకును భేదము తెలిసినది ఏది? ఇంజను తానే. ఇంజను కారు చట్రమునకు బిగించిపెట్టబడినది కాదు. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్నది. ముందుకు త్రోయునప్పుడు అది తన స్థానములో ఒక వైపునకు ఒరగును. రివర్సులో దానికి ఎదురు వైపునకు ఒరగును. న్యూట్రల్‌లో భారము లేదు గనుక ఇంచుమించు ఒరగదు. గాలి కొలుచు సెన్సారునకును ఇంజను నోటికిని నడుమ ముడుతలు గల రబ్బరు గొట్టము కలదు. దాని అడుగున, ఒక ముడుత లోపల, రెండంగుళముల చీలిక. ఇంజను ముందుకు లాగునప్పుడు గొట్టము సాగి చీలిక నోరు తెరచును; మిగిలిన వేళలందు పెదవులు మూసికొని యుండును. ఇదియే మా పచ్చికట్టె. డి గేరు, ఇంజను ఒరుగుట, చీలిక తెరచుకొనుట, కొలతకు రాని గాలి, పలుచని మిశ్రమము, తటపటాయింపు: ఇదీ వరుస. గేర్‌బాక్సు ఈ వరుసలో కేవలము సాక్షి.

గొట్టము చీలుటకు కూడ కారణము చూడవలెను గదా. ఒక మౌంటింగు రబ్బరు నలిగి, ఇంజను ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఊగుచుండెను. గొట్టమొక్కటే మార్చియున్నచో క్రొత్తదియు కొలది కాలమునకే చీలియుండెడిది. రెండును మార్చుటకు, కూలితో సహా, ఐదు వేల రూపాయలు పూర్తిగా కాలేదు.

మొదటి షెడ్డువారి పక్షమున ఒక మాట చెప్పుట న్యాయము. గేర్లు మారునప్పుడు కుదుపు వచ్చుట వారు నిజముగనే చూచిరి. కొన్ని కార్లలో గేర్‌బాక్సు కంప్యూటరు ఇంజను బలమును గాలి కొలతను బట్టి లెక్కకట్టి, దానికి తగిన నూనె పీడనము నిర్ణయించును. గాలి లెక్క తప్పినచో పీడనమును తప్పును. కావున ఇంజను దోషము గేర్‌బాక్సు దోషముగా కనబడుట భ్రమ మాత్రమే కాదు; ఎక్కువ కాలము అట్లే నడిపినచో గేర్‌బాక్సు లోపలి క్లచ్‌లు నిజముగనే అరుగవచ్చును.

కథ ఇచ్చటితో ముగియలేదు. నాలుగు నెలల పిదప, చదునైన దారిలో 70 కిలోమీటర్ల వేగమున నిలకడగా పోవుచుండగా, కారులో సన్నని వణకు మొదలైనది. గతుకుల పట్టీ మీద పోయినట్లు. మా అన్న ఇప్పటికి కొంత తార్కికుడై యుండెను. ఆక్సిలరేటరు వదలకుండ ఎడమ కాలితో బ్రేకును తేలికగా తాకెను. బ్రేకు స్విచ్చి కదలినంతనే లాకప్ క్లచ్ విడిపోవును. ఇది తెలిసినవారు చేయు పరీక్ష, ఖాళీ దారిలోనే చేయదగినది. వణకు వెంటనే మాయమైనది. “ఈసారి ఖాయం, కన్వర్టర్ పోయింది” అని నాకు ఫోను చేసెను.

లాకప్ క్లచ్ జారుచున్నను ఇట్టి వణకు పుట్టుననుట వాస్తవమే. నూనె పాతబడి కాలిన వాసన వచ్చుచు, గోధుమ రంగునకు తిరిగినచో ఆ అనుమానము బలపడును. కాని ఇచ్చటను ఉపాధి పొంచియున్నది. లాకప్ బిగిసినప్పుడు ఇంజనులోని ప్రతి చిన్న లోపమును నేరుగా చక్రములకు, కూర్చున్నవారికి చేరును. విడిపోయినప్పుడు నడుమనున్న నూనె ఆ లోపమును మ్రింగివేయును. అనగా బ్రేకు తాకగానే వణకు పోయినదన్నచో, కన్వర్టర్ దోషియై యుండవచ్చును, లేదా దాచిపెట్టువాడై యుండవచ్చును. వేరుచేయుటకు మరల ముళ్లనే ఆశ్రయింపవలెను. కారు వేగము మారకుండ ఇంజను ముల్లు మాత్రము పైకిని క్రిందికిని ఊగినచో జారుచున్నది కన్వర్టర్ క్లచ్. ముల్లు స్థిరముగా నుండి కారు వణకినచో ఇంజనులో ఏదో సిలిండరు మంట తప్పుచున్నది. మా కారులో ముల్లు కదలలేదు. స్కానరు లెక్కలో మూడవ సిలిండరు తప్పులు కనబడెను. ఆ యువకుడు మూడవ దాని ఇగ్నిషన్ కాయిల్‌ను ఒకటవ దానికి, ఒకటవ దానిని మూడవ దానికి మార్చి బిగించెను. తప్పులు ఒకటవ సిలిండరునకు తరలిపోయెను. నేను చూచిన పరీక్షలలో ఇంత నిర్మలమైనది లేదు: కారణమని తలచిన వస్తువును మరియొక చోట నుంచగా, కార్యము దానిని వెంబడించి పోయినది. కాయిల్ మార్చిన పిదప వణకు లేదు.

తక్కిన కారణములను క్లుప్తముగా చెప్పెదను. థ్రాటిల్ ద్వారమున మసి పేరుకొనుట, గాలి సెన్సారు తీగ మీద ధూళి పట్టుట సాధారణము. తగిన ద్రవముతో శుభ్రము చేసిన సరిపోవచ్చును. పాదము ఎప్పుడును ఒకే మేరకు దిగినప్పుడే తటపటాయించినచో థ్రాటిల్ స్థానము చెప్పు సెన్సారు ఆ చోట అరిగియుండును. వాన తరువాత పెట్రోలు పోయించుకొని, అది మొదలు తెగులు పుట్టినచో టాంకులో నీరు చేరినదేమో చూడవలెను. గాలి చీలిక కొరకు వేడి ఇంజను మీద మండు ద్రవములను చిమ్మి వెదకు అలవాటు కొందరికి కలదు. అది నిప్పుతో చెలగాటము. బ్రేకు బిగబట్టి డి గేరులో పూర్తిగా ఆక్సిలరేటరు త్రొక్కి చూచు పరీక్షయు కలదు. కొలది సెకన్లు మించినచో నూనె మరిగి, బాగున్న గేర్‌బాక్సు చెడిపోవును. విద్యార్థులు దాని జోలికి పోరాదు.

షెడ్డుకు పోవువాడు “కారు లాగట్లేదు” అని ఊరకొనక, ఇంజను చల్లగా నున్నప్పుడా వేడిగా నున్నప్పుడా, ఎత్తు మీదనా చదునులోనా, ఏ వేగమున, ముందుకా వెనుకకా, ముళ్లేమి చూపినవి అని ఒక చీటీ మీద వ్రాసి తీసికొని పోవలెను. మా అన్న ఇప్పుడు డాష్‌బోర్డు పెట్టెలో చిన్న పుస్తకము నుంచుకొని యున్నాడు. అందు తెలుగు, ఉర్దూ కలిసిపోయిన వ్రాత. నేనును పూర్తిగా చదువలేను.

చీలిన ఆ రబ్బరు గొట్టము మా తెలుగు శాఖలో నా బల్ల మీద నున్నది. చూడగోరు విద్యార్థులు విరామ సమయమున రావచ్చును. ముందువైపునకు వంచి చూడవలెను. ఊరక చేతిలోనికి తీసికొన్నచో చీలిక కనబడదు.